ఎదురు చాటింపు

తడ ఊరికి పడమరగా, తమిళనాడు సరిహద్దును ఒరుసుకొని ఉన్న మా మండలంలో ఇరవై రెండు పల్లెలున్నాయి. ఆ పల్లెల్లో ఎమ్మెల్యే మాట నమ్మనివాళ్ళున్నారు, కలెక్టరు మాట నమ్మనివాళ్ళున్నారు, టీవీలో వచ్చే వాన కబురునైతే అసలెవరూ నమ్మరు. ఇమ్మానుయేలు మాటను నమ్మని మనిషి మాత్రం మొన్నటి ఎండాకాలం దాకా ఒక్కరు కూడా ఉండేవారు కాదు. ఆ నమ్మకం ఎలా వచ్చిందో, ఎలా పోయిందో చెబుదామని కూర్చున్నాను. పోగొట్టినవాళ్ళలో నేనూ ఒకదాన్ని కాబట్టి ఇందులో నన్ను నేను వెనకేసుకు రాబోవడం లేదు.

నా పేరు రంగనాయకి. తిరుపతిలో ఒక అచ్చాఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళు ప్రూఫులు దిద్దాను. మావాళ్ళంతా కోవెల సేవలోనో, బడిలోనో, ఆఫీసు కుర్చీలోనో కుదురుకుంటే నేను ఊరివాళ్ళ పెళ్ళిపత్రికల్లో ఒత్తులు సరిచేస్తూ జుట్టు నెరిపించుకున్నాను. అచ్చాఫీసు మూతపడేనాటికి నాకు మిగిలింది నా కోపం ఒక్కటే. తప్పు కనిపిస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ గుణం చూసే డాక్టరు నన్ను తన ఆఫీసుకు పిలిచాడు.

డాక్టరంటే మా ఎమ్మెల్యే మునిప్రసాద్. పశువుల డాక్టరు. రాజకీయాల్లోకి రాకముందు గాలికుంటు వ్యాధి మీద ఒక కరపత్రం వేయించుకోవడానికి మా అచ్చాఫీసుకు వచ్చాడు. నాలుగు పేజీల కరపత్రంలో నలభై తప్పులు పట్టుకొని చీవాట్లు పెడితే, చేతులు కట్టుకొని విన్నాడు. మోచేయి దాటి చేతిని ఆవు కడుపులోకి పెట్టి అడ్డం తిరిగిన దూడను బయటికి తీసిన మనిషి. ఏ ఇంట్లో ఏ గేదె ఎన్నో ఈతలో ఉందో నోటికి చెప్పగలడు. అలాంటివాడికి ఓట్లు పడటంలో వింత లేదు. గెలిచిన నెలకే ఫోన్ చేసి, ఓట్లడగడానికి ఇంటింటికీ పోయినవాణ్ణి ఊళ్ళో ఏం జరుగుతోందో చెప్పడానికి ఎందుకు పోకూడదమ్మా అని అడిగాడు. ప్రశ్న నాకు నచ్చింది. ‘డాక్టరు కబురు’ అలా మొదలైంది.

వారానికి ఒక పేజీ నేను రాసేదాన్ని. ఫోన్లున్నవాళ్ళకు ఫోన్లో పోయేది. ఫోను చూడనివాళ్ళ కోసం శుక్ర, శనివారాల్లో మైకు కట్టిన ఆటో పల్లెల్లో తిరిగేది. పశువుల టీకాలు ఏ రోజు, కరెంటు ఏ పూట ఉండదు, ఏ బస్సు మానేశారు, ఎవరింట్లో చావు, ఎవరి బిడ్డకు పదో తరగతిలో మార్కులు బాగా వచ్చాయి, ఇవన్నీ అందులో ఉండేవి. ఎమ్మెల్యే పొగడ్తలు ఉండకూడదని నేను మొదటిరోజే షరతు పెట్టాను. డాక్టరు నవ్వి ఒప్పుకున్నాడు.

మైకులో చదవడానికి ఇద్దరు ముగ్గుర్ని పెట్టి చూశాం. ఒకడు సినిమా ప్రకటనలా చదివాడు, ఇంకొకడు రైల్వేస్టేషన్లా చదివాడు. చివరికి నల్లమడుగుపాళెం ఎస్సీ కాలనీ నుంచి ఇమ్మానుయేలు వచ్చాడు. అప్పటికి యాభై ఆరేళ్ళుంటాయి. సన్నటి మనిషి, తెల్లచొక్కా, మెడలో చిన్న సిలువ. కాగితం ఇస్తే గబగబా చదవలేదు. మొదటి వాక్యం దగ్గరే ఆగి, ఈ సంగతి మీకెవరు చెప్పినారమ్మా అని నన్నడిగాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఏ రచయితా నన్ను అంత మంచి ప్రశ్న అడగలేదు.

ఆ ప్రశ్న అతనికి తండ్రి నుంచి వచ్చింది. తండ్రి తిరుమలయ్య ఊరికి పలక, అంటే తోలుడప్పు, కొట్టి చాటింపు వేసేవాడు. ఆయనకు కొన్ని పట్టింపులుండేవి. చూసి తెలుసుకోదగ్గ సంగతైతే కళ్ళతో చూడకుండా చాటేవాడు కాదు. తూము ఎత్తామని చెబితే, పోయి కాలవలో కాలు పెట్టి నీళ్ళు తగిలాకే పలక అందుకునేవాడు. చాటింపు వేసి వెళ్ళిపోయేవాడు కూడా కాదు. ప్రతి ఇంటి ముందూ ఆగి “ఇనబడిందా?” అని అడిగేవాడు. లోపలినుంచి ఎవరో ఒకరు “ఇనబడిందిలే, పో” అనాలి. అనేదాకా కదలకూడదు. ఆ మాట అన్నాక బాధ్యత ఆ ఇంటిది, అనకముందు చాటినవాడిది.

ఇంకొక పట్టింపు ఉండేది. చాటిన మాట తప్పని తేలితే, వేసినవాడే మళ్ళీ పలక పట్టుకొని, ఆఖరు ఇంటినుంచి మొదటి ఇంటికి వెనక్కి నడుస్తూ నేను చెప్పింది తప్పు అని ప్రతి గుమ్మం ముందూ ఒప్పుకోవాలి. దాన్ని ఎదురు చాటింపు అనేవాళ్ళు. తిరుమలయ్య జీవితంలో ఒక్కసారే ఎదురు చాటింపు వేశాడట. అప్పటి కరణం రేపు నీళ్ళు వదులుతామని కబురు పెట్టించాడు. జనం నారు పీక్కున్నారు. నీళ్ళు రాలేదు. తిరుమలయ్య వెనక్కి నడిచి తప్పు ఒప్పుకుంటే, నా పరువు తీస్తావా అని కరణం నడివీధిలో చెప్పుతో కొట్టాడట. దెబ్బలు తింటూనే మిగిలిన ఇళ్ళు పూర్తి చేశాడని ఇమ్మానుయేలు చెప్పేవాడు. చెబుతూ నవ్వేవాడు గాని, ఆ నవ్వు చూస్తే నాకు నవ్వు వచ్చేది కాదు.

ఆ పలకను ఇమ్మానుయేలు ఇంట్లో గోనెసంచిలో చుట్టి వాసాల మీద పెట్టేశాడు. కుటుంబం చర్చిలో చేరాక, కూతురు అమల తిరుపతిలో నర్సు అయ్యాక, ఇక ఆ చప్పుడు వద్దనుకున్నారు. పలక అంటే ఊరివాళ్ళ ముందు వంగడం. మైకు అలా కాదు. ఆటోలో డ్రైవరు పక్కన కూర్చొని, తన పేరు తాను చెప్పుకొని మాట్లాడేవాడు. “నల్లమడుగుపాళెం ఇమ్మానుయేలును మాట్లాడతా ఉండా” అని మొదలుపెట్టేవాడు. చదవడం అయ్యాక ఆటో ఆపించి, దిగి, ఇంటింటి ముందూ నిలబడి “ఇనబడిందా?” అని అడిగేవాడు. మొదట్లో జనం నవ్వారు. పెద్దకులం వీధుల్లో కొందరికి చిరాకొచ్చింది. ఆరు నెలలు తిరిగేసరికి వాళ్ళే గుమ్మంలోకి వచ్చి, ఇనబడిందిలే అబ్బా, ఈసారి రాకెట్టెప్పుడో చెప్పు అని అడగడం మొదలుపెట్టారు.

రాకెట్టు సంగతి చెప్పకపోతే జరిగింది మీకర్థం కాదు. శ్రీహరికోటలో రాకెట్టు లేచినప్పుడల్లా మావైపు రేకుల ఇళ్ళు గలగలమంటాయి. చూలు పశువులు బెదిరి పలుపులు తెంచుకుంటాయి. అందుకని డాక్టరు ప్రతిసారీ రాకెట్టు వేళ కబురులో వేయించేవాడు. ఆ వేళకు జనం పశువుల్ని ఇంటికి తోలుకొచ్చి కట్టేసుకునేవాళ్ళు, కూలి మానుకునేవాళ్ళు. ఆఖరి నిమిషంలో రాకెట్టు వాయిదా పడితే ఇమ్మానుయేలు ఆ ఎండలోనే మళ్ళీ తిరిగి వాయిదా అని చెప్పేవాడు. చెప్పాడంటే వాయిదానే. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా తప్పు కాలేదు. మా పల్లెల్లో వాయిదా అన్న మాటకు అంత విలువ ఆ రాకెట్ల వల్లే వచ్చింది.

నల్లమడుగుపాళెం కాలనీలో ముప్పై ఒక్క ఇళ్ళు. కాలనీ వెనక నలభై నాలుగు ఎకరాలు, ఎప్పుడో ప్రభుత్వం పట్టాలిచ్చిన డీకేటీ భూమి. రాళ్ళు ఏరి, కంప కొట్టి, రెండు తరాలు దాన్ని పొలం చేసుకున్నారు. వేరుశనగ, ఉలవలు, అక్కడక్కడా మామిడి. ఇమ్మానుయేలు చెల్లెలు సిద్ధమ్మకు అందులో ఎకరన్నర ఉంది. భర్త చనిపోయిన ఏడాది ఆమె పదకొండు తోతాపురి మామిడి చెట్లు నాటి, మూడు వేసవులు బిందెలతో మోసి నీళ్ళు పోసింది. నేను ఒకసారి పోతే ఒక్కొక్క చెట్టునూ బిడ్డను చూపించినట్టు చూపించింది.

ఆ నలభై నాలుగు ఎకరాలు ఫ్యాక్టరీల కోసం తీసుకుంటామని మార్చిలో నోటీసు వచ్చింది. డీకేటీ భూమి కాబట్టి ఇచ్చినవాళ్ళే వెనక్కి తీసుకోవచ్చు. ఉన్న దారల్లా ఒక్కటే. సోమవారం పది గంటలకు ఊరిబడిలో గ్రామసభ పెడతారు. సాగు చేసుకుంటున్నవాళ్ళు అక్కడ లేచి నిలబడి, ఇది మాది, మేం ఒప్పుకోం అని చెప్పి పేరు రాయించుకోవాలి. రాయించుకుంటే వ్యవహారం కలెక్టరు దాకా పోతుంది, విచారణ జరుగుతుంది. రాయించుకోకపోతే అంతటితో సరి. ఇమ్మానుయేలు ఈ సంగతి ముందు వారమే కాలనీలో మూడుసార్లు చెప్పాడు. ముప్పై ఒక్క ఇళ్ళూ ఇనబడిందన్నాయి. ఆ సోమవారం గూడూరు నిమ్మతోటల కూలికి ఎవరూ పోకూడదని కట్టుబాటు చేసుకున్నారు. పట్టాలు ప్లాస్టిక్ కవర్లలో పెట్టుకొని సిద్ధంగా ఉన్నారు.

శుక్రవారం పొద్దున డాక్టరు అసెంబ్లీ నుంచి నాకు ఫోన్ చేశాడు. గొంతులో తొందర ఉంది. పాళెం గ్రామసభ వాయిదా పడిందంటమ్మా, ఈ వారం కబురులో వేసెయ్యండి, కొత్త తేదీ తర్వాత చెబుదాం అన్నాడు. నేను రాశాను. ‘సోమవారం జరగవలసిన గ్రామసభ వాయిదా పడింది.’ వాక్యంలో ఒక్క తప్పు లేదు. దాని కిందే ‘సోమవారం కాలనీలో పశువులకు టీకాలు’ అని ఇంకొకటి.

ఇమ్మానుయేలు కాగితం చదివి, సైకిలెక్కి గ్రామ సచివాలయానికి పోయాడు. గంట తర్వాత చెమటలు కక్కుతూ వచ్చాడు. ఆఫీసులో చెప్పేవాళ్ళు లేరు, గోడ మీద పాత నోటీసు అట్లానే ఉందన్నాడు.

“అమ్మా, గోడ మీద సోమారమనే ఉండాది. డాక్టరు సారును ఇంకొక్కసారి అడగండి.”

అప్పటికి నేను వేరే పేజీ మీద ఉన్నాను. ఎండ, కరెంటు లేదు. మొదటినుంచీ నన్ను నడిపిస్తున్న ఆ కోపమే మళ్ళీ లేచింది. ఆయన స్వయంగా చెప్పాక మళ్ళీ అడగడమేమిటి, నోటీసు చింపడానికి వాళ్ళకు పది రోజులు పడుతుంది, రాకెట్టు వాయిదా పడితే ఆకాశంలో నోటీసు అంటిస్తున్నారా, నువ్వు నమ్మి చెప్పడం లేదా అన్నాను. ఇమ్మానుయేలు నవ్వాడు. “అదీ నిజమేలేమ్మా” అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నా వేలు ఒక్కసారి ఫోను మీద నొక్కి ఉంటే సరిపోయేది. ఎన్నిసార్లు తలుచుకున్నా ఆ వేలు అక్కడే ఆగిపోతుంది.

శనివారం కాలనీలో కబురు చెప్పాడు. సిద్ధమ్మది ఆఖరి ఇల్లు. ఆమె కూడా ఇనబడిందిలే అన్నా, పో అంది. ముప్పై ఒక్కరూ అన్నారు.

సోమవారం తెల్లవారకముందే వ్యాను వచ్చింది. కాలనీలో పనిచేయగలిగిన వాళ్ళంతా నిమ్మకాయలు కోయడానికి గూడూరు పోయారు. ఇమ్మానుయేలు ఆ రోజు అమలను చూడటానికి తిరుపతి పోయాడు. కాలనీలో మిగిలింది చిన్నపిల్లలు, సరిగా నడవలేని ఇద్దరు ముసలివాళ్ళు. పది గంటలకు రెండు జీపులు వచ్చాయి. ముసలమ్మ గురవమ్మ వాటిని చూసి టీకాలవాళ్ళనుకుంది. కర్ర ఊతంతో లేచి, తన గేదెనూ పక్కింటి గేదెనూ వీధిలోకి తెచ్చి సూదికి అనువుగా కట్టేసి కూర్చుంది. జీపులు ఆగకుండా బడికి పోయాయి.

సభ నలభై నిమిషాలు జరిగింది. ఫోటోలు తీసుకున్నారు. భూమితో సంబంధం లేని ఊరివాళ్ళు పదిమంది కుర్చీల్లో ఉన్నారు. ఆక్షేపణలు ఎవరైనా చెబుతారా అని మూడుసార్లు అడిగారట. చెప్పేవాళ్ళు డెబ్బై కిలోమీటర్ల అవతల ముళ్ళకొమ్మల్లో చేతులు పెట్టి కాయలు కోస్తున్నారు. ‘ఆక్షేపణలు లేవు, సభ ఆమోదించింది’ అని రాసుకొని వెళ్ళిపోయారు. గేదెలు సాయంత్రం దాకా వీధిలోనే ఉన్నాయి. టీకాలవాళ్ళు కూడా రాలేదు.

మరునాడు హద్దురాళ్ళకు రంగు పూయడానికి మనుషులొస్తే గాని కాలనీకి సంగతి తెలియలేదు. ఆ తర్వాత వాళ్ళు తిరగని ఆఫీసు లేదు. ప్రతిచోటా ఒకే కాగితం ముందు పెట్టారు. మిమ్మల్ని రమ్మన్నాం, నోటీసు గోడ మీద ఆ రోజు దాకా ఉంది, మీరు రాలేదు. వాయిదా అన్నారు కదా అంటే, ఎవరన్నారు, రాతపూర్వకంగా చూపించండి అన్నారు. డాక్టరు కబురు చూపించారు. అది ప్రభుత్వ కాగితం కాదన్నారు. ఆ మాటలో తప్పు లేదు. ఒక లాయరు దగ్గరికి పోతే, ఆయన కవర్లలోని పట్టాలన్నీ ఓపిగ్గా చూసి, మీరు ఆ రోజు పోయి ఉండాల్సింది అన్నాడు. అప్పటికి వాళ్ళు ఆ మాట ఎనిమిదోసారి వింటున్నారు.

డాక్టరు ఊరికి వచ్చినరోజు నేను ఆయన ముందు కూర్చొని ఎవరు చెప్పారని అడిగాను. పైనుంచి చెప్పినారన్నాడు. పైనెవరని అడిగితే కిటికీలోంచి బయటికి చూశాడు. నిజంగానే వాయిదా అనుకున్నానమ్మా, ఇంకోసారి అడగలేదు అన్నాడు. అడిగి ఉంటే అబద్ధమని తెలిసేదేమో, తెలిస్తే ఏదో ఒకటి చేయాల్సి వచ్చేదేమో. అందుకే అడగలేదని నేననుకుంటున్నాను. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఇంత బాధ ఉండేది కాదు, నాలుగు తిట్టి ఇంటికి పోయేదాన్ని. కాలనీకి సిమెంటు రోడ్డు వేయిస్తానన్నాడు. వేయించాడు కూడా. ఆ రోడ్డు ఇప్పుడు ఫ్యాక్టరీవాళ్ళ గోడ దాకా పోయి ఆగుతుంది.

నేను ఒకటే కోరాను. పోయిన వారం మేం చెప్పింది తప్పు, గ్రామసభ వాయిదా పడలేదు, అని రెండు ముక్కలు కబురులో వేద్దాం. ఆ మాట రాతలో ఉంటే లాయరుకైనా పనికొస్తుంది, లేకపోయినా కనీసం ఇమ్మానుయేలు తలెత్తుకుంటాడు.

“ఒక్కటి తప్పని మనమే చెప్పుకుంటే రేపు టీకా అన్నా, రాకెట్టన్నా ఎవురు నమ్ముతారమ్మా? వద్దు. ఈ వారం ఇది వెయ్యండి.”

ఒక కాగితం నా ముందుకు జరిపాడు. నల్లమడుగుపాళెం ప్రజల ఏకగ్రీవ ఆమోదంతో పారిశ్రామికవాడ వస్తోందని, యువతకు ఉద్యోగాలని అందులో ఉంది. ఏకగ్రీవంలో దీర్ఘం తప్పు పడింది. నేను దిద్దాను. చేతులు వాటంతటవే దిద్దాయి. దిద్ది, వేశాను. అచ్చాఫీసు మూతపడ్డ రోజున కూడా నాకంత సిగ్గు కలగలేదు.

ఇమ్మానుయేలు ఆ కాగితం చదివి, బల్లమీద పెట్టి, ఎగిరిపోకుండా పైన నీళ్ళగ్లాసు పెట్టాడు. మైకు తీసి డ్రైవరు ఒళ్ళో పెట్టాడు. మీరే కదా అడగొద్దన్నారు అని అంటాడని ఎదురుచూశాను. అనలేదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక అతను పలక తీశాడని పొరుగువాళ్ళు ఫోన్ చేసి చెప్పారు. నేను ఆటో కట్టించుకొని పోయేసరికి పదకొండు దాటింది. ఎండలో పలకను నిప్పుల సెగకు చూపించి చర్మం బిగిస్తున్నాడు. అమల తిరుపతి నుంచి ఫోన్లో ఏడుస్తోంది. నాయనా, వద్దు, నేను వచ్చి అందరికీ చెప్తా, అది మాత్రం ముట్టుకోవద్దు అంటోంది. అతను అంతా విని, ఇది నాయన పెట్టినది బిడ్డా, మైకుతో కుదరదు అని ఫోను పెట్టేశాడు.

తెల్లచొక్కా విప్పి గుంజకు తగిలించాడు. ఆఖరి ఇల్లు సిద్ధమ్మది కాబట్టి అక్కడినుంచే మొదలుపెట్టాలి. గుమ్మం ముందు నిలబడి మూడు దెబ్బలు కొట్టాడు. ముప్పై ఏళ్ళుగా ఆ వీధిలో ఎవరూ వినని చప్పుడు. వీధిలో పిల్లలు ఆటలు ఆపేశారు. తలుపులు ఒకటొకటిగా మూసుకున్నాయి.

“పోయిన శనివారం గ్రామసభ వాయిదా అని చెప్పినా. నేను చెప్పింది తప్పు. సభ జరిగిపోయినాది. నేను చెప్పబట్టే మీరు పోలేదు. ఇనబడిందా?”

లోపలినుంచి జవాబు రాలేదు. సిద్ధమ్మ ఇంట్లోనే ఉంది, పొయ్యిమీద పొగ లేస్తోంది. అతను నిలబడ్డాడు. జవాబు రాకుండా కదలకూడదు. పావుగంట అయింది. చెమట పలకమీద పడుతోంది. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ అదే చెప్పాడు, మళ్ళీ అడిగాడు. అరగంట అయింది. నేను తట్టుకోలేకపోయాను. ముందుకు పోయి, ఇనబడింది ఇమ్మానుయేలూ, ఇనబడింది, పదండి అన్నాను.

అతను నావైపు తిరిగాడు. కోపం లేదు.

“మీరు గాదమ్మా. భూమి పోయినోళ్ళు చెప్పాల.”

నేను వెనక్కి వచ్చి గోడనీడన నిలబడ్డాను. అక్కడ నిలబడే హక్కైనా నాకుందో లేదో తెలియలేదు. ఇంకాసేపటికి తలుపు తెరుచుకుంది. సిద్ధమ్మ బయటికి వచ్చింది. చేతులనిండా నిమ్మముళ్ళ గీతలు, ఇంకా మానలేదు. అన్నను తిట్టలేదు, ఏడవలేదు. గడప మీద నిలబడి అతని చేతిలోని పలకను చూసింది.

“ఇనబడిందన్నా,” అంది. “ఆ పొద్దు గూడా ఇనబడినాది.”

తలుపు మూసుకుంది. అతను పక్కింటికి జరిగాడు. ముప్పై ఒక్క ఇళ్ళు పూర్తయ్యేసరికి పొద్దు వాలింది. కొందరు జవాబు చెప్పారు, ఒకరిద్దరు చెప్పడానికి గంట పట్టింది, ఒకాయన ముఖానే ఉమ్మాడు. ఉమ్మినాక ఇనబడిందన్నాడు. ఇమ్మానుయేలు తుడుచుకొని తర్వాతి ఇంటికి పోయాడు. గురవమ్మ మాత్రం, టీకాలవాళ్ళు మళ్ళా ఎప్పుడొస్తారు నాయనా అని అడిగింది. అది తనకు తెలియదని చెప్పాడు.

తర్వాత చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఎదురు చాటింపు వేసినందుకు భూమి వెనక్కి రాలేదు, వస్తుందని అతను అనుకోనూ లేదు. డాక్టరు అతన్ని పనిలోంచి తీసేయలేదు. అతనే రాలేదు. జూలైలో పదకొండు మామిడి చెట్లూ యంత్రంతో ఒకే పూటలో పెకలించారు. ఇప్పుడు కాలనీవాళ్ళతో పాటు ఇమ్మానుయేలు కూడా నిమ్మకాయల వ్యాను ఎక్కుతాడు. సీటు దొరికితే కూర్చుంటాడు, దొరక్కపోతే నిలబడతాడు. అతనితో ఎవరూ పోట్లాడరు, ఎవరూ మాట్లాడరు కూడా.

నేను ఇంకా ‘డాక్టరు కబురు’ రాస్తున్నాను. మానేస్తే ఏం మారుతుందని నాకు నేను చెప్పుకుంటాను. మానకపోతే ఏం మిగులుతుందని ఇంకెవరూ అడగరు. ఇప్పుడు మైకులో విజయవాడలో రికార్డు చేసిన ఒక అమ్మాయి గొంతు చదువుతుంది. మొదలు, చివర మాత్రం ఇమ్మానుయేలువే. రెండేళ్ళ కింద అతని గొంతుకు విశ్రాంతి కావాలన్నప్పుడు పదిహేను రోజుల కోసమని ఆ రెండు ముక్కలు ఫోన్లో పట్టి ఉంచాం. గొంతు బాగయ్యాక అతను దాన్ని వాడనివ్వలేదు. అడిగి ఆగనప్పుడు అడగడమెందుకని అనేవాడు. తీసేయమని డాక్టరుకు రెండుసార్లు చెప్పాను. జనానికి అలవాటైన గొంతమ్మా, ఉండనీయండి అన్నాడు.

పోయిన శనివారం ఇమ్మానుయేలును చూడటానికి పోయాను. వాకిట్లో నులకమంచం మీద కూర్చొని చేతికి విరిగిన ముల్లు తీసుకుంటున్నాడు. నాకు కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చాడు. అమల ఎలా ఉందని అడిగాను. బాగుందన్నాడు. అంతలో కొత్త సిమెంటు రోడ్డు మీద ఆటో వచ్చింది. నల్లమడుగుపాళెం ఇమ్మానుయేలును మాట్లాడతా ఉండా అంది మైకు. అమ్మాయి గొంతు కరెంటు కోతలు, ఉద్యోగమేళా, ఆదివారం పొద్దున రాకెట్టు చదివింది. తలుపుల్లోకి ఎవరూ రాలేదు. చివర మళ్ళీ అతని గొంతు, రెండేళ్ళ కిందటి గట్టి గొంతు, ఇనబడిందా అని అడిగింది. ఆటో ఆగలేదు.

వీధిలో ఒక్క ఇల్లూ పలకలేదు. ఇమ్మానుయేలు ముల్లు పక్కన పెట్టి, ఆటో పోయినవైపు చూశాడు.

“ఇనబడిందిలే, పో,” అన్నాడు.